వేళ్లు చూసే అంకమ్మక్క

మిరపకాయల కాలం వచ్చిందంటే మా వీధిలో ఎవరూ మామూలుగా ఊపిరి పీల్చలేరు. ఈ పొద్దున ఎదురింటి వసారాలో ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఆ ఘాటు మా గుమ్మం దాటి వంటింటి దాకా వచ్చింది. నాకు వరసగా తుమ్ములు వచ్చాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. తుమ్ములు ఆగాక కూడా కాసేపు అట్లాగే పొయ్యి దగ్గర నిలబడిపోయాను. ఆ ఘాటు తగిలినప్పుడల్లా నాకు ఒక గొంతు వినిపిస్తుంది. "దగ్గేవాళ్లు దగ్గండమ్మా. దగ్గు అయినాకే పాట" అంటుంది ఆ గొంతు. అది అంకమ్మక్కది.

మాకు కోలాటం నేర్పిన మనిషి ఆమె. మా ఊరు గురజాల దగ్గర. ఊరి చివర కోటయ్య గారి మిరప కల్లం ఉంది. కాయ ఎండబోసే నెలలు తప్ప మిగతా కాలమంతా అది ఖాళీగా ఉంటుంది. సాయంత్రం ఎండ తగ్గాక ఆడవాళ్లం అక్కడ చేరేవాళ్లం. ఎంత ఊడ్చినా, ఎన్ని నీళ్లు చల్లినా పాత కాయల పొడి నేల పగుళ్లలో ఉండిపోయేది. అందరి కాళ్లూ ఒక్కసారి నేలను తాకేసరికి ఆ పొడి లేచి గొంతులో పడేది. కొత్తవాళ్లు దగ్గలేక కోలలు కింద పడేసేవాళ్లు. పాతవాళ్లు నవ్వేవాళ్లు. అంకమ్మక్క మాత్రం నవ్వేది కాదు. పాట ఆపి, చివరి మనిషి దగ్గు ఆగేదాకా చూసి, అప్పుడు ఎత్తుకునేది. ఒక మనిషి దగ్గు కోసం అంతమంది ఆగడం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

ఆమె పొట్టిగా, బొద్దుగా ఉండేది. మోకాళ్లు అరిగిపోయి, నడిచేటప్పుడు ఒక పక్కకి ఒరిగేది. పొద్దున పూట ఊరి సెంటర్లో ఇడ్లీ కొట్టు నడిపేది. సాయంత్రం ప్లాస్టిక్ స్టూలు ఒకటి చంకన పెట్టుకుని కల్లానికి వచ్చేది. పుట్టిల్లు వెల్దుర్తి వైపు. వాళ్ల నాయన చెక్కభజన నేర్పేవాడట. చిన్నప్పుడు ఆయన వెంట ఊళ్లు తిరిగి ఆ పాటలూ ఆ అడుగులూ నేర్చుకుంది. మేం చూసేసరికి ఆమె ఆడే రోజులు అయిపోయాయి. స్టూలు మీద కూర్చుని రెండు కోలలు ఒకదానికొకటి తగిలిస్తూ పాడేది. అయినా ఆమె భుజాల కదలిక చూస్తే చాలు, అడుగు ఎటు పడాలో మాకు తెలిసిపోయేది. ఆమె పోయి రెండు మిరప పంటలు దాటాయి.

నేను వాళ్లలో కలిసేనాటికి నాకు నలభై అయిదు దాటాయి. కూతురికి పెళ్లి చేశాం. కూలి పని, ఇల్లు, గొడ్డు, ఇంతే నా లోకం. చేలోంచి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని కల్లం పక్కగా వచ్చేదాన్ని. కోలల చప్పుడు వినిపిస్తే అడుగు ఆగేది. అట్లా ఎన్ని సాయంత్రాలు నిలబడ్డానో. ఒకరోజు ఆమె పాట మధ్యలో ఆపి నా వైపు తిరిగింది.

"ఏమే మాణిక్యం, ఆ మోపు దించరాదూ, మెడ విరిగిద్ది. చూసేదేదో కూర్చుని చూడు."

"నేనేంది అక్కా, ఊరికే ఆగా" అన్నాను.

"రోజూ ఊరికే ఆగుతున్నావు. రేపు ఊరికే ఆడు."

ఇంటికి వెళ్లి మా ఆయనతో చెప్పాను. ఆయన మంచం మీద పడుకుని ఫోన్ చూస్తున్నాడు. "ఈ వయసులో కోలాటమా" అన్నాడు. నేను పొయ్యి దగ్గరికి పోయాను. కాసేపటికి "పోతే పో. కూర వండి పో" అన్నాడు. మా ఇంట్లో అనుమతి అంటే అంతే. నాకు అది చాలు.

కోలాటంలో ఒక్కో రకం ఆటను కోపు అంటారు. మొదట తేలిక కోపులు చెప్పేది. ఎదురుగా ఒక జోడీ ఉంటుంది. కుడి కోల ఆమె కుడి కోలకి, ఎడమ కోల ఎడమకి తగిలించి, తిరిగి, పక్క మనిషికి అందించి, మళ్లీ వెనక్కి రావాలి. కొత్తవాళ్లకి ఎప్పుడూ పాతవాళ్లనే జోడీ కట్టేది అంకమ్మక్క. నాకు శిరీషను కట్టింది. శిరీష మా వీధి కోడలు, డిగ్రీ చదివిన పిల్ల, నోరు కాస్త చురుకు. నాలుగు రోజులు తిరక్కుండానే ఆ పిల్ల వేళ్లు కమిలిపోయాయి.

"మాణిక్యం పిన్నీ, నా వేళ్ల మీద నీకేం పగ? చెప్పు, మానుకుంటా" అంది శిరీష, చేతులు ఊదుకుంటూ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ సిగ్గేసింది.

అంకమ్మక్కకి ఒక పద్ధతి ఉండేది. ఎవరికి ఎంత వచ్చిందో తెలుసుకోవాలంటే ఆ మనిషిని చూసేది కాదు. శనివారం సాయంత్రం ఆట అయ్యాక అందరినీ వరసగా నిలబెట్టి చేతులు చాపమనేది. కొత్త మనిషి చేతులు దాటేసి, ఆమె జోడీ చేతులు పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే తిప్పి చూసేది. కణుపుల మీద కొత్త దెబ్బ ఉందా, పాతది మానిందా, ఏ చేతికి ఎక్కువ తగిలింది, ఇవన్నీ చూసేది. తర్వాత కొత్త మనిషితో "ఇంకో వారం ఇదే కోపు" అనేది, లేదంటే "పద, తర్వాతది" అనేది. ఎంత బాగా తిరిగినా, ఎంత ముచ్చటగా వంగినా, జోడీ వేళ్లు కమిలి ఉంటే ఆ మనిషి అక్కడే ఆగిపోయేది. చీర బాగా కట్టుకొచ్చినా, పాట మొత్తం నోటికి వచ్చినా లాభం లేదు.

శిరీష వేళ్లు చూసిన మొదటి శనివారం ఆమె నన్ను పక్కకి పిలిచింది. "కొట్టబాకే. తగిలించు" అంది. నాకు అర్థం కాలేదు. మెల్లగా కొట్టడం మొదలుపెట్టాను. అయినా కోల పోయి వేళ్ల మీదే పడేది. రెండు మూడు వారాలు అట్లాగే గడిచాయి. ఒకరోజు ఆమె చాలాసేపు నన్ను చూసి, స్టూలు నా దగ్గరికి జరుపుకుంది.

"నువ్వు మిరపకాయ కోతకి పోతావు గదా. సాలు ఎట్టా పడతావు?"

సాలు అంటే చేలో మొక్కల వరస. కూలికి వెళ్లినవాళ్లం తలా ఒక సాలు పట్టి కోసుకుంటూ పోతాం. వెనకబడితే మేస్త్రి కేకలేస్తాడు. అందుకని పక్కకి చూడకుండా, రెండు చేతులా కోస్తూ, పక్క మనిషి కంటే ఒక చెట్టు ముందే ఉండాలని చూస్తాం. నేను చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి అట్లాగే కోశాను. మా ముఠాలో నన్ను దాటి పోయిన మనిషి లేదు. అది ఆమెతో కాస్త గొప్పగానే చెప్పాను.

"అదీ సంగతి. ఇక్కడ కూడా సాలు పట్టినావు నువ్వు. శిరీష కోల రాకముందే నీ కోల పోయి కూర్చుంటంది. కోల లేని చోట వేళ్లే గదే ఉండేది."

ఆ మాట నాకు ఇంటిదాకా వెంట వచ్చింది. నా ఒంట్లో ఉన్న పనితనం నా బలం అనుకున్నాను. అదే ఎదుటి పిల్ల చేతుల మీద దెబ్బలు వేస్తోందని అంతవరకూ నాకు తోచలేదు.

ఆ ఏడు చలికాలంలో అంకమ్మక్క కొత్తగా జడ కోలాటం మొదలుపెట్టింది. కల్లం మధ్యలో ఎత్తైన గుంజ పాతించింది. దాని కొన నుంచి రంగురంగుల తాళ్లు వేలాడదీసింది. ఒక్కో ఆడమనిషి ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో కోల పట్టుకుంటుంది. సగం మంది ఇటు నుంచి అటు, మిగతా సగం అటు నుంచి ఇటు తిరుగుతారు. ఒకరి తాడు కిందుగా దూరి, తర్వాతి మనిషి తాడు మీదుగా దాటుతూ పాటతో పాటు పోతుంటే, పైనుంచి జడ అల్లుకుంటూ దిగుతుంది. మళ్లీ అందరూ వెనక్కి తిరిగి ఆడితే ఆ జడ విప్పుకుంటుంది. చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ ఒక్క మనిషి దూరాల్సిన చోట దాటినా అల్లిక చిక్కుపడుతుంది. విప్పేటప్పుడు అది బయటపడుతుంది. అప్పుడు అందరూ ఆగి, తాళ్లు వదలకుండా, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ చిక్కు దగ్గరికి పోవాలి.

దాన్ని మొదటిసారి చూసిన రోజున నాకు ఆశ పుట్టింది. ఆశ అనే మాట నేను నా కోసం ఎప్పుడూ వాడుకోలేదు. కూతురి పెళ్లి బాగా జరగాలనీ, గొడ్డు బాగా పాలివ్వాలనీ అనుకున్నానే గానీ, నాకు ఇది కావాలి అని ఒకటి అనుకోలేదు. ఇప్పుడు ఆ తాళ్లలో ఒకటి నా చేతిలో ఉండాలని అనుకున్నాను. శనివారం కోసం ఎదురు చూసేదాన్ని. అంకమ్మక్క శిరీష వేళ్లు చూసేది, నా ముఖం చూసేది, "ఇంకో వారం" అనేది. నా వెనకాల వచ్చిన చిన్నపిల్లలు జడకి వెళ్లిపోయారు. నేను మాత్రం అవే తేలిక కోపులు తిప్పుతూ ఉండిపోయాను.

శివరాత్రికి మా జట్టుని అమరావతిలో ఆడమని పిలిచారు. ఆ పిలుపు తెచ్చింది కోటయ్య గారు. కల్లం ఆయనది, వ్యాను మాట్లాడింది ఆయన, అందరికీ ఒకే రంగు చీరలు కొనిపెట్టిందీ ఆయనే. పండగ రెండు రోజులు ఉందనగా పద్మ అనే అమ్మాయి బావి దగ్గర జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. పద్మకి జడలో జోడీ శిరీష. పద్మ లేకపోతే శిరీష కూడా ఆడటానికి లేదు. జడలో లేనివాళ్లలో అన్ని పాటలూ నోటికి వచ్చినదాన్ని నేనే.

అప్పటికి కొత్త కాయ రావడం మొదలైంది. కల్లంలో సగం ఎర్రగా కాయ పరిచి ఉంది. రెండో సగంలో మేం ఆడుతున్నాం. కోటయ్య గారు వచ్చి నిలబడ్డారు.

"మాణిక్యాన్ని పెట్టు అంకమ్మా. రోజూ వచ్చే మనిషే గదా. చీర కూడా ఉంది" అన్నారు.

 అందరూ నా వైపు తిరిగారు. శిరీష ముందుకొచ్చింది. "పెట్టు అక్కా. పిన్ని సంగతి నేను చూసుకుంటా. ఎటు పోవాలో అటు లాక్కుపోతా."

అంకమ్మక్క స్టూలు మీద నుంచి లేవలేదు. "లాక్కుపోతే తాడు వస్తది, మనిషి రాదు" అంది. తర్వాత కోటయ్య గారి వైపు చూసి, "ఈమెకి ఇంకా కుదరలేదు బాబాయ్. రెండు తాళ్లు విప్పేసి ఆడతాం" అంది.

"పండగ పూట ఏంది నీ పట్టుదల? ఎవురు చూస్తారు అక్కడ, ఒకడుగు అటూ ఇటూ అయితే?"

"నేను చూస్తా గదా బాబాయ్."

ఆయన చేతులు విదిలించుకుని వెళ్లిపోయారు. శిరీష కళ్లనీళ్లు పెట్టుకుంది. నా చేతిలో కోలలు ఎక్కడ పెట్టానో నాకే తెలియదు. అందరి ముందూ అనిపించుకున్నాను. ఆ మాట ఆమె నాతో ఒంటరిగా చెప్పి ఉంటే బాగుండేది అని అప్పుడు ఎంతగా అనుకున్నానో. కోటయ్య గారు అడిగిందే అందరి ముందు కాబట్టి ఆమె జవాబూ అందరి ముందే అయింది. అది అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

వాళ్లు అమరావతి వెళ్లి వచ్చారు. బాగా ఆడారట. నేను కల్లం వైపు పోవడం మానేశాను. మా ఆయన ఒకటి రెండు రోజులు చూసి, "కోలాటం అయిపోయిందా?" అన్నాడు. "అయిపోయింది" అన్నాను. ఆయన ఆ రోజు తన కంచం తనే కడుక్కున్నాడు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. నాకు ముప్పై ఏళ్ల వయసులో మా ఊళ్లో పెద్దవాళ్లకి చదువు చెప్పే బడి పెట్టారు. చెప్పేవాడు మా ఊరి కుర్రవాడే, చాలా మంచివాడు. నేను పని నుంచి వచ్చి పలక ముందు కునికిపాట్లు పడేదాన్ని. అ, ఆ దాటలేదు. పైనుంచి ఎవరో చూడటానికి వస్తున్నారని తెలిసి, అతను నా పేరు పలక మీద గీసి దాని మీదే దిద్దించాడు. వాళ్లు వచ్చినప్పుడు నేను ఆ గీతలు గీసి చూపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజుతో నేను చదువుకున్నదాన్ని అయిపోయాను. నాకు తర్వాత ఎవరూ ఒక్క అక్షరం చెప్పలేదు. చెప్పమని అడగాలన్నా సిగ్గే, వచ్చినదాన్ని కదా మరి. ఆ అబ్బాయి నన్ను చిన్నబుచ్చకూడదనే అట్లా చేశాడు. బస్సు బోర్డు ముందు నిలబడి పక్కవాళ్లని అడిగిన ప్రతిసారీ అతని మంచితనం నాకు గుర్తొచ్చేది.

కోతకి వెళ్లాలంటే పొద్దున్నే అంకమ్మక్క ఇడ్లీ కొట్టు ముందు నుంచే పోవాలి. వేరే దారి లేదు. తల దించుకుని పోయేదాన్ని. ఒకరోజు పిలిచింది.

"ఇడ్లీ తినిపో."

"నాకొద్దు."

"కోపం నా మీద గదే. ఇడ్లీ ఏం చేసింది?"

ముఠాలో మిగతా ఆడవాళ్లు నవ్వుతూ ముందుకు వెళ్లిపోయారు. నేను ఆగాను. "అందరి ముందూ నన్ను పనికిరాదన్నావు" అన్నాను. 

ఆమె ఆవిరి గిన్నె మూత దించి, చేతులు కొంగుకి తుడుచుకుంది. "పనికిరావని నేను అనలా. కుదరలేదన్నా. అమరావతిలో అంత జనం మజ్జన జడ చిక్కు పడిందనుకో. అందరూ నీ వంకే చూస్తారు. ఆ తర్వాత ఇంక నువ్వు కోల ముట్టవు. నాకు తెలుసు నీ సంగతి. ఒక్క పండగ కోసం నిన్ను పోగొట్టుకోమంటావా?"

నేను ముఠా పోయిన దారి వైపు చూశాను.

"కుదరకముందు రమ్మని అంటే, కుదిరినాక రమ్మన్నా నువ్వు నమ్మవు" అంది. ఒక పొట్లం నా చేతిలో పెట్టి, వెనక నిలబడ్డవాళ్లకి ప్లేట్లు అందించడానికి వెళ్లిపోయింది.

ఆ రోజు చేలో నాకు కొత్తగా ఒక సంగతి కనిపించింది. కొత్తది కాదు, ఎప్పుడూ ఉన్నదే. సాలు ముందుగా అయిపోయినవాళ్లు ఊరికే కూర్చోరు. వెనకబడ్డ మనిషి సాలుకి అవతలి కొన నుంచి ఎదురు కోసుకుంటూ వస్తారు. నేను వెయ్యిసార్లు అట్లా వెళ్లి ఉంటాను. ఆ రోజు ఎదురు వెళుతున్నప్పుడు చూసుకున్నాను. అవతలి మనిషి చెయ్యి ఏ కొమ్మ దాకా వచ్చిందో చూసి నా చెయ్యి ఆపుతున్నాను. ఇద్దరి చేతులూ ఒకే చెట్టు మీదికి వచ్చాయి, ఒకరికొకరం తగల్లేదు. ఎదురు పోయేటప్పుడు నాకు ఆగడం తెలుసు. పక్కపక్కన పోయేటప్పుడే తెలియదు. కోలాటంలో నేను శిరీష పక్కన నడుస్తున్నాననుకున్నాను. ఆమె ఎదురుగా ఉంది కదా అని అప్పుడు తోచింది.

మర్నాడు కల్లానికి వెళ్లాను. అంకమ్మక్క ఏమీ అడగలేదు. "దగ్గు తగ్గినాక పాట" అంది, అంతే. శిరీష మాత్రం "నా వేళ్లు మానినాయి పిన్నీ, మళ్లీ మొదలుపెట్టు" అంది. ఆ పిల్లకి అమరావతి ఆట తప్పిపోయింది నా వల్లే. అయినా ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

కోతలు అయిపోయి, కల్లం మళ్లీ ఖాళీ అయ్యేసరికి శిరీష వేళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఇక పిలుస్తుందని ఆశపడ్డాను. అంకమ్మక్క ఆ చేతులు చూసి తల ఊపింది గానీ జడకి రమ్మనలేదు. శిరీషను నా దగ్గర నుంచి తీసేసి, కొత్తగా చేరిన నాగమణిని నాకు జోడీ కట్టింది. నాగమణికి కుడి ఎడమ తెలియదు. పాట ఒక పక్కన, ఆమె ఒక పక్కన. పైగా భయం. భయంతో కోల గట్టిగా పట్టుకుని గట్టిగా కొట్టేది. నా వేళ్లు మొద్దుబారిపోయాయి. సాయంత్రం అన్నం కలపడానికి కూడా నొప్పి.

"పొరపాటున తగిలింది వదినా" అనేది ప్రతిసారీ.

"పర్లేదులే. పాట విను, నా చెయ్యి చూడబాక" అనేదాన్ని.

ఆమె కోల ఎక్కడికి వస్తుందో నాకు ముందే తెలిసిపోయేది. నా కోల అక్కడికి తీసుకుపోయి ఉంచేదాన్ని. రావాల్సిన చోటికి రాకపోతే, అది ఎక్కడ తిరుగుతోందో అక్కడికి వెళ్లి కలుసుకునేదాన్ని. కొన్నిసార్లు అందుకోలేక దెబ్బ తినేదాన్ని. నేను జడ సంగతి మరిచిపోయానని చెప్పను. కానీ ఆ రోజుల్లో నా ధ్యాస ఎక్కువగా నాగమణి మీదే ఉండేది. ఆమెకి కుడి ఎడమ కుదిరితే చాలనిపించేది.

ఒక శనివారం అంకమ్మక్క చేతులు చాపమంది. నాగమణి దగ్గరికి వచ్చి ఆమె వేళ్లు తిప్పి చూసింది. ఒక్క మచ్చ లేదు. తర్వాత నా చేతులు పట్టుకుంది. ఎన్నో నెలల తర్వాత, మొదటిసారి నా చేతులు. కణుపులన్నీ నల్లగా కమిలి ఉన్నాయి. చాలాసేపు చూసింది. బొటనవేలితో మెల్లగా ఒత్తింది.

"నొప్పా?"

"కొంచెం."

"మరి చెప్పవేంది?"

"పాట ఆగిపోయిద్దని" అన్నాను.

ఆమె నా చేతులు వదల్లేదు. వెనక్కి తిరిగి శిరీషని కేకేసింది. "ఏమే, పచ్చ తాడు ఎవురి దగ్గరా లేదు గదా. రేపటి నుంచి అది మీ పిన్నికియ్యి."

నేను ఏడవలేదు. నాగమణే ఏడ్చింది, తన వల్ల నా చేతులు అట్లా అయ్యాయని. ఆమెని సముదాయించడంతోనే ఆ సాయంత్రం అయిపోయింది.

జడలో మొదటి నెల నాకు అంతా అయోమయమే. ఒకసారి చిక్కు వేశాను కూడా. అందరూ ఆగారు, తాళ్లు పట్టుకుని వెనక్కి అడుగులు వేశారు, చిక్కు విప్పారు. ఎవరూ నా వైపు అదోలా చూడలేదు. చూసినా నాకు తగిలేది కాదు. నన్ను జాలితో తీసుకోలేదని నాకు తెలుసు. ఈ మనిషి కుదిరిందని ఆమె అన్నాక, ఒక చిక్కు పడితే అది చిక్కే, నేను కాను. ఆ ధైర్యం ఎంత గట్టిదో దాని మీద నిలబడ్డాకే తెలిసింది.

అక్షరాలు ఆ ధైర్యంతోనే అడిగాను. యాభై దాటాక, కల్లం అరుగు మీద, శిరీషను. "చెప్తా గానీ ఒక మాట పిన్నీ, విసుక్కుంటే నేనూ విసుక్కుంటా" అంది. నేనూ ఒక మాట అన్నాను. "నాకు రాకుండా వచ్చిందని మాత్రం అనబాక." ఆ పిల్ల మాట నిలబెట్టుకుంది. గుణింతాల దగ్గర నన్ను ఎంతకాలం కూర్చోబెట్టిందో. ఒత్తుల దగ్గర ఏడిపించింది. చివరికి ఒకరోజు గురజాల బస్టాండుకి తీసుకెళ్లి, నన్ను ముందు నిలబెట్టి, తను వెనక నిలబడి, "ఏ బస్సు ఎక్కాలో నువ్వే చెప్పు, తప్పు చెప్తే తప్పు ఊరికే పోదాం" అంది. మాచర్ల అని చదివాను. ఎక్కాం. మాచర్లలోనే దిగాం.

అంకమ్మక్కకి ఆ సంగతి చెప్పినప్పుడు ఆమె మంచంలో ఉంది. మోకాళ్ల తర్వాత ఒంట్లో ఒక్కొక్కటీ మొరాయించింది. దిండు కింద నుంచి మాత్రల అట్ట తీసి, "ఇదేందో చదువు" అంది. చదివాను. "పొద్దున ఒకటి అని ఉందా? నా కోడలు రెండు ఏస్తంది" అంది. కోడలు పక్కనుంచి "అది వేరే మాత్ర అత్తా" అంది. ముగ్గురం నవ్వాం. నేను ఆమెతో కూర్చుని నవ్విన చివరిసారి అదే.

ఆమె పోయాక ఆడవాళ్లందరూ కలిసి జట్టు బాధ్యత నన్ను తీసుకోమన్నారు. శిరీష చెయ్యొచ్చు కదా అంటే, "నాకు నోరెక్కువ పిన్నీ, నువ్వే చెయ్యి" అంది. పాడటం వచ్చు, కోపులు వచ్చు, శనివారం వేళ్లు చూడటం కూడా వచ్చింది. మిగతాదంతా తేలికగానే సాగిపోయింది, మొన్నటిదాకా.

మా వీధి చివర రాజేశ్వరి అని ఒకావిడ ఉంది. నా కంటే పెద్దది. ఉగాదికి ఊళ్లో జడ ఆడాలనుకున్నాం. ఆమె నెలల తరబడి ఒక్కరోజు మానకుండా వచ్చింది. కోడలు ఎగతాళి చేసినా వచ్చింది. కాయ కల్లంలో ఉంది కాబట్టి ఇప్పుడు బడి ఆవరణలో ఆడుతున్నాం. మొన్న అక్కడ, అందరి ముందూ, "ఈసారి నేనూ తాడు పట్టుకోనా మాణిక్యం?" అని అడిగింది. నేను ఆమె జోడీ చేతులు తీసుకుని చూశాను. ఎడమ చేతి వేళ్లు వాచి ఉన్నాయి. ఆమె ముఖం వైపు చూశాను. ఆ ముఖంలో ఉన్న ఆశ నాకు తెలిసినదే. రా, ఏం కాదులే అనే మాట నాలిక చివర దాకా వచ్చింది. ఎంత తేలికైన మాట అది. అంటే ఆమె సంతోషిస్తుంది, నేను మంచిదాన్ని అవుతాను, అందరూ చప్పట్లు కొడతారు. "ఇంకా కుదరలేదు వదినా" అన్నాను.  చెప్పులు వేసుకుని, కొంగు సర్దుకుని, మెల్లగా గేటు దాటి వెళ్లిపోయింది. నిన్న రాలేదు.

ఇన్నాళ్లూ నేను అంకమ్మక్కని తలుచుకుని, ఆమె నన్ను ఆపింది కాబట్టి నాకు వచ్చింది అనుకునేదాన్ని. ఆపడం ఆమెకి సులువనుకున్నాను. స్టూలు మీద నుంచి కూడా లేవలేదు కదా. రెండు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. ఇడ్లీ కొట్టు ముందు నుంచి నేను తల దించుకుని పోయిన అన్ని పొద్దులూ ఆమె లోపల నుంచి చూస్తూ ఉండి ఉంటుంది. నేను మళ్లీ వస్తానని ఆమెకి ఎవరూ మాట ఇవ్వలేదు. రాకుండా పోతానేమో అనే భయం ఆమె ఒక్కతే మోసింది. అది తెలిసే కుదరలేదని చెప్పింది.

ఎదురింట్లో తొడిమలు తీయడం అయిపోయినట్టుంది, ఘాటు తగ్గింది. సాయంత్రం రాజేశ్వరి వదిన వస్తుందో రాదో నాకు తెలియదు. నేను మాత్రం కాస్త ముందుగానే వెళ్లి బడి గేటు తీసి కూర్చుంటాను.